ముత్తుకూరు ప్రతి

మంగళవారం తుపాను తీరం దాటే వేళకు ‘చెంగాళమ్మ’ పడవ ఇంకా సముద్రంలోనే ఉంది. అందులో పడవ నడిపే సరంగు చెంగయ్య, అతని తమ్ముడు చిన్నబాబు, శీనడనే కుర్రాడితో కలిపి మరో ముగ్గురు ఉన్నారు. పడవల్లో జాడ తెలిపే పరికరాలు పెట్టి, వాటి పిలుపులు అందుకునే ‘కడలిజాడ’ కంపెనీ, ఆ రోజు ఆ పడవ నుంచి తమకు ఏ పిలుపూ రాలేదని రాసి ఇచ్చింది. సోమవారం సాయంత్రం పడవ ఉన్న తావును పట్టుకుని ముత్తుకూరుకు ఈశాన్యంగా మూడు రోజులు పడవలతో, హెలికాప్టరుతో గాలించారు. చెక్క ముక్క కూడా దొరకలేదు. శుక్రవారం పొద్దు వాలేసరికి గాలింపు పడవలు వెనక్కి వచ్చేశాయి. కంపెనీ సర్వర్లను చూసుకునే వనజాక్షికి మాత్రం ఆ సాయంత్రమే ఒక సంగతి తెలిసింది. మంగళవారం నాటి రికార్డుకు ముత్తుకూరులో ఒకటి, వెంకటాచలంలో ఒకటి, రెండు ప్రతులున్నాయి. ఆ రెండూ ఒకటి కావు.

శనివారం పొద్దున పదిన్నరకు మేనేజరు నరేంద్రబాబు సర్వర్ గదిలోకి వచ్చాడు. ఆ గది చలి తనకు పడదని ఎప్పుడూ గుమ్మం దగ్గరే ఆగిపోయే మనిషి, ఈ రోజు లోపలికి వచ్చి తలుపు మూశాడు.

“ఏ ప్రతి మంచిదో తేల్చినావా?”

“ఇంకా ల్యా సార్. రెండూ తెరిచి చూడాల.”

“చూసేదానికి ఏముండాది? ఇక్కడ జనరేటర్ ఆగిపొయ్యి మిషను దబ్బున పడిపోయింది. దాని డిస్కు చెడి ఉంటాది. వెంకటాచలంది శుభ్రంగా ఉండాది. దాన్నే ఖాయం చేసెయ్. మూడు గంటలకి ఆ పడవ సంగతి విచారించే అధికారి వస్తుండాడు. ఆయనొచ్చేసరికి మిషను నడస్తా ఉండాల.”

“ఒక్క అరగంట ఇవ్వండి సార్. ముత్తుకూరు ప్రతి తెరిచి చూసి...”

“దాన్ని ముట్టుకోవద్దని గురువారమే చెప్పినా కదా.”

వనజాక్షి అతని మొహంలోకి చూసింది. “వెంకటాచలంది శుభ్రంగా ఉండాదని మీకెట్టా తెలుసు సార్? దాన్ని కూడా ఎవురూ తెరవలేదే.”

నరేంద్రబాబు చేతి గడియారం చూసుకున్నాడు. “నేను వెంకటాచలం పోతుండా. అధికారిని హైవే దగ్గర కలుసుకుని పిలుచుకొస్తా. ఒంటిగంట లోపల పనైపోవాల” అని వెళ్లిపోయాడు.

ఆమె కుర్చీలో కూర్చుండిపోయింది.

కడలిజాడలో పడవల కంప్యూటరు అని చూపించడానికి విడిగా ఒక పెట్టె లేదు. పెద్ద సర్వర్ల లోపల, విడివిడి యంత్రాలు ఉన్నట్టుగా, ఏడెనిమిది కంప్యూటర్లు నడుస్తుంటాయి. పడవల పిలుపులు చూసేది వాటిలో ఒకటి. దాని డిస్కు మొత్తం, అందులో రాసింది, దాచింది అంతా, ఒకే ఒక్క పెద్ద ఫైలు. ఆ ఫైలు ఒక్కచోటే ఉంటే ఉప్పెన వచ్చి గది మునిగిన రోజున అంతా పోతుంది. అందుకని ముత్తుకూరులో ఒక ప్రతి, లోపలికి హైవే పక్కన వెంకటాచలంలో మరో ప్రతి. రెండింటి మధ్య ఫైబరు తీగ. ఇక్కడ ఒక అక్షరం పడితే ఆ క్షణమే అక్కడా పడుతుంది. తీగ బాగున్నంత కాలం రెండు ప్రతులూ ఒకటే.

మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకు పది నిమిషాలుందనగా చెట్టు పడి తీగ తెగింది. అటు నుంచి జవాబు రాకపోయేసరికి, వెంకటాచలం పోయిందని ముత్తుకూరు అనుకుంది. ముత్తుకూరే పోయిందని వెంకటాచలం అనుకుంది. పని ఆగకూడదని ముందే చేసిపెట్టిన ఏర్పాటు ప్రకారం, ఇక్కడ నడుస్తున్న కంప్యూటరే అక్కడ కూడా లేచింది. ఒకే యంత్రం రెండు ఊళ్లలో, ఒకదాని సంగతి ఒకదానికి తెలియకుండా, ఏ ఊళ్లోది ఆ ఊరి ప్రతిలో రాసుకుంటూ పోయింది. ఉపగ్రహం నుంచి పిలుపులు అందుకునే గొడుగు యాంటెనా ముత్తుకూరు మేడ మీదే ఉంది. వెంకటాచలం ప్రతికి ఆ సాయంత్రం ఒక్క పిలుపూ అందలేదు. ఆరూ ఇరవైకి ముత్తుకూరులో జనరేటర్ కూడా ఆగింది.

గురువారం కరెంటు, తీగ రెండూ వచ్చి ప్రతులు మళ్లీ ఎదురుపడ్డాయి. నాదే సరైనదని ఇది, నాదేనని అది. అలాంటప్పుడు తీర్పు చెప్పడానికి మూడోచోట ఒక చిన్న యంత్రాన్ని సాక్షిగా పెట్టాలని రెండేళ్ల కిందటే వనజాక్షి రాసిచ్చింది. చూద్దామన్నారు. చూడలేదు. సాక్షి లేకపోయేసరికి, ఆ రెండు ప్రతులనూ దాచే ఏర్పాటు రెండింటికీ తాళం వేసేసింది. పడవల కంప్యూటరు అప్పటి నుంచీ లేవలేదు. ఇక ఏది నిజమో మనిషే చెప్పాలి. ఒకటి నిజమని చెప్పిన మరుక్షణం నుంచి రెండోది మొదలు నుంచి చివరి దాకా దానిలా మారిపోతుంది. మారిపోయినదాన్ని ఎవరూ వెనక్కి తేలేరు.

గది కిటికీలోంచి గేటు కనిపిస్తుంది. సెక్యూరిటీ వాళ్ల రేకుల నీడ కింద కామమ్మ కూర్చుని ఉంది. చెంగయ్య భార్య. బుధవారం పొద్దున వచ్చింది, ఇంటికి పోలేదు. వనజాక్షిదీ ఆ పాలెమే. వరసకు వదిన. ఈ నాలుగు రోజుల్లో వనజాక్షి రెండుసార్లు టీ తీసుకెళ్లి ఇచ్చింది. రెండుసార్లూ కామమ్మ కళ్లలోకి చూడకుండా వచ్చేసింది.

వనజాక్షి కీబోర్డు దగ్గరికి జరుపుకుంది.

మామూలు దారిలో అడిగితే తాళం పడిందని చెప్పే ముత్తుకూరు ప్రతి ఫైలు, అడుగున సర్వరు సొంత డిస్కులో మామూలు ఫైలులాగే పడి ఉంది. దాని మీద ఒక్క అక్షరం కూడా కొత్తగా పడకుండా, చదవడానికి మాత్రమే వీలయ్యేటట్టు తెరిచింది. డిస్కు చెడలేదు. మంగళవారం తారీఖు ఇచ్చి, ఆపరేటర్లు చూసినట్టు నొక్కి మూసేసిన పిలుపుల జాబితా అడిగింది.

మూడు వరసలు వచ్చాయి.

రెండూ ముప్పై ఏడు. చెంగాళమ్మ. ఇంజను ఆగింది.

మూడూ ఇరవై. చెంగాళమ్మ. నీళ్లు ఎక్కుతున్నాయి. సాయం కావాలి.

నాలుగూ అయిదు. చెంగాళమ్మ. సాయం కావాలి.

మూడింటి చివరా, చూసిన ఆపరేటరు అనే గడిలో ఒకటే పేరు ఉంది. పెంచలకృష్ణ.

వనజాక్షి తప్పు చదివానేమోనని జాబితాను మళ్లీ అడిగింది. మళ్లీ అదే వచ్చింది. లేచి పక్క గదిలోకి వెళ్లింది.

పడవల తెర ముందు పెంచలకృష్ణ ఒక్కడే ఉన్నాడు. కంప్యూటరు లేవలేదు గనక తెర నల్లగా ఉంది. అయినా డ్యూటీ అని వచ్చి దాని ముందు కూర్చున్నాడు. నలభై ఏళ్ల మనిషి, మనుబోలు దగ్గర రైతుల బిడ్డ. ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు. మధ్యాహ్నం డబ్బాలో ఏ కూర తెచ్చినా వనజాక్షికి ఒక గరిటె తీసి పెట్టేవాడు. బుధవారం నుంచి డబ్బా తెరవడమే లేదని ఆమెకు ఇప్పుడు తట్టింది.

“అన్నా, మంగళవారం చెంగాళమ్మ నుంచి ఏమన్నా వచ్చిందా?”

“ల్యామ్మా. రాసిచ్చినాం కదా.”

“రెండూ ముప్పై ఏడుకి?”

అతను తెర వైపు తిరిగాడు.

“మూడూ ఇరవైకి? నాలుగూ అయిదుకి? ముత్తుకూరు ప్రతి తెరిచినానన్నా. మూడింటి పక్కనా నీ పేరుండాది.”

పెంచలకృష్ణ నల్ల తెర మీద నుంచి చూపు తిప్పలేదు. బల్ల మీద రెండు చేతులూ బోర్లా పెట్టుకుని ఉన్నాడు. 

“అది పోయిందన్నారు” అన్నాడు చివరికి. “డిస్కు చెడిపోయిందని సార్ చెప్పినాడు. బుధవారం ఆయన ఆ మాట చెప్పినప్పుడు, నేను... నేను దేవుడికి దండం పెట్టుకున్నానమ్మా.”

“ఎందుకు నొక్కినావన్నా?”

“కిందటి వారం ఆ పడవలో జాడ మిషను రెండుసార్లు ఊరికే మోగింది. గుర్తుందా? రెండుసార్లూ గాలింపు పడవ అంతదూరం పొయ్యి వచ్చింది. ఈళ్లేమో వల లాగతా ఉండారంట, ఎవురో చెయ్యి తగిలి మోగిందంట. సార్‌కి పైనుంచి తిట్లు పడినాయి. మంగళవారం మొదటిది రాంగానే ఫోన్ చేసినా. మళ్లీ అదేనా పెంచలా, చూసినట్టు నొక్కి పారెయ్ అన్నాడు.”

“నొక్కినావు.”

“నొక్కినా. రెండోది వచ్చినప్పుడు మళ్లీ చేసినా. సార్, నీళ్లెక్కతా ఉండాయంట అన్నా. ఈ గాల్లో ఎవురు పోతార్రా, పోయినోళ్లు కూడా రారు, నొక్కి గమ్మునుండు అన్నాడు. అది కూడా నొక్కినా.”

“మూడోది?”

పెంచలకృష్ణ నీళ్ల సీసా అందుకున్నాడు గాని తాగలేదు.

“మూడోదానికి ఫోన్ చెయ్యలేదు. ఆయన చెప్పేది తెలుసు కదా అనుకున్నా. నేనే నొక్కినా. ఎవురూ చెప్పలేదమ్మా. అది నేనే.” సీసా బల్ల మీద పెట్టేశాడు. “అది నొక్కిన అయిదు నిమిషాలకి ఫోన్ మోగింది. ఆ కామమ్మ. ఏమన్నా తెలిసిందా అన్నా అని అడిగింది. ఏం రాలేదమ్మా, యాడో ఒకచోట ఒడ్డు పట్టుంటారు, భయపడబాక అని చెప్పినా.”

కోపం వస్తుందనుకుంది వనజాక్షి. రాలేదు.  గురువారం ముట్టుకోవద్దు అన్నారు, తను ముట్టుకోలేదు. శుక్రవారం రెండు ప్రతులూ ఒకటి కావని తెలిసీ, పొద్దున అడుగుదాంలే అని ఇంటికి పోయి అన్నం తిని పడుకుంది. తను చూడకపోవడానికీ, ఇతను చూసి నొక్కెయ్యడానికీ ఎంత తేడా ఉందో ఆమెకు తేలలేదు.

“ఆరు దాకా ఉండావా ఇక్కడ?”

“అయిదున్నరకే అందర్నీ ఇళ్లకి పొమ్మన్నారు. ఆ తరవాత ఈ కుర్చీలో ఎవురూ లేరు.”

ఆమె సెల్‌ఫోన్ మోగింది. వెంకటాచలం నుంచి తిమోతి. అక్కడి సర్వర్లు చూసుకునేది అతనే, ఆమె కింద పనిచేస్తాడు.

“అక్కా, సార్ ఈడికి వచ్చుండాడు. వెంకటాచలం ప్రతే నిజమైందని చెప్పి మొదలుపెట్టమంటున్నాడు. ఒంటిగంట దాకా ఆగేది ల్యా, ఇప్పుడే అంటున్నాడు. నువ్వు ఒప్పుకున్నావని చెప్తున్నాడు. నిజమేనా అక్కా?”

“నేను ఒప్పుకోలేదు తిమోతీ.”

“మరి నేనేం చెయ్యాల? నా వెనకే నిలబడుండాడు. బాత్రూమ్‌కని బయటికొచ్చి మాట్లాడుతుండా.”

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. తిమోతి ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది కాలేదు.

“ఆయన చెప్పినట్టే చెయ్. నీ మీదికి ఏమీ తెచ్చుకోబాక. కాకపోతే, అయిదు నిమిషాలు ఆగి చెయ్.”

“అయిదు నిమిషాల్లో ఏమవతాది?”

“నీకు తెలియకపోవడమే మంచిది.”

సర్వర్ గదిలోకి దాదాపు పరిగెత్తింది. బీరువా లాంటి రాక్ వెనక్కి దూరి, వెంకటాచలం వైపు పోయే పసుపు తీగను వెతికి పట్టుకుంది. దాన్ని అక్కడ అమర్చింది తనే. ఎప్పుడూ లాగకూడదని ఎర్ర సిరాతో చీటీ రాసి అంటించింది కూడా తనే. చిన్న పిన్ను నొక్కి లాగింది. పచ్చగా వెలుగుతున్న దీపం ఆరిపోయింది. ఇప్పుడు తిమోతి అక్కడ ఏం నొక్కినా ఈ గదిలోకి రాదు. మంగళవారం చెట్టు చేసిన పని, ఈ రోజు ఆమె చేసింది.

చేతులు చీర కొంగుకు తుడుచుకుని మళ్లీ తెర ముందు కూర్చుంది. ఇందాక అడిగింది చూసిన పిలుపుల జాబితా. పెంచలకృష్ణ వెళ్లిపోయాక కుర్చీ ఖాళీ అయితే, ఆ తరవాత వచ్చినవి చూడని జాబితాలో ఉంటాయి. అది అడిగింది.

ఒక్కటే వరస వచ్చింది. ఆరూ పదమూడు. ఇది పరికరం మీద మీట నొక్కితే వచ్చే తయారు వాక్యం కాదు. పరికరానికి సెల్‌ఫోన్ కలిపి ఎవరో చేత్తో టైపు చేసింది. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు. రెండుసార్లు చదివితే గాని ఆమెకు మాటలు విడిపడలేదు.

విడిపడ్డాక, లేచి గేటు దగ్గరికి నడిచింది.

కామమ్మ ఆమె రావడం దూరం నుంచే చూసింది. టీ గ్లాసు లేకుండా వస్తున్న వనజాక్షిని చూసి లేచి నిలబడింది.

“దొరికినారా?”

“ల్యా వదినా. లోపలికి రా. ఒకటి చూపించాల.”

సెక్యూరిటీ ముత్యాలయ్య అడ్డం రాబోయి, వనజాక్షి మొహం చూసి పక్కకు తప్పుకున్నాడు. కామమ్మ చెప్పులు గుమ్మం బయట విడిచి, చలిగదిలోకి అడుగుపెట్టింది. సన్నగా మోగుతున్న యంత్రాల మధ్య, నాలుగు రోజుల చెమట వాసనతో, నలిగిన చీరతో నిలబడింది. వనజాక్షి కుర్చీ లాగింది. కామమ్మ కూర్చోలేదు.

“మంగళవారం పిలుపులు వచ్చినాయి వదినా. రాలేదని మా వాళ్లు చెప్పింది అబద్ధం. మూడు వచ్చినాయి. సాయం అడిగినారు. ఎవురూ పోలేదు.”

కామమ్మ కనురెప్ప కదలలేదు. “ఇంకా?”

“ఆరుంపావుకి ఇంకోటి వచ్చింది. దాన్ని ఎవురూ చూడలేదు. ఇప్పుడు నేనే చూసినా.”

“చదువు.”

“వదినా, ముందు కూర్చో.”

“చదువు వనజా.”

వనజాక్షి తెర వైపు తిరిగింది. కామమ్మ వైపు చూస్తూ ఆ మాటలు చదవడం ఆమె వల్ల కాలేదు. “అన్న అలలో పొయినాడు. నలుగురం ఉండాం. ఇంజను ల్యా. దక్షిణానికి కొట్టుకపోతుండాం. చిన్నబాబు.”

 కామమ్మ చెయ్యి చాపి తెరను తాకింది. అక్షరాలు ఎక్కడ మొదలయ్యాయో అక్కడ వేలు పెట్టి, చివరి దాకా జరిపింది. ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు రావు.

“అన్న అనేది యాడుండాది ఇందులో?”

వనజాక్షి చూపించింది. కామమ్మ ఆ మాట మీద వేలు పెట్టి ఉంచింది.

“ఆరుంపావు” అంది. “ఎసరు పెట్టినా అప్పుడు. ఏ వేళకొచ్చినా ఆకలితో వస్తాడు గదా అని ఒక గిద్దె బియ్యం ఎక్కువ పోసినా.”

ఆమె ఏడుస్తుందని వనజాక్షి చేతులు చాపింది. కామమ్మ వేలు తీసి, కొంగు నడుముకు బిగించి దోపుకుంది.

“ఆయన సంగతి తరవాత చూసుకుంటా. నలుగురంటున్నాడు. దక్షిణానికంటున్నాడు. ఈళ్లు మూడు రోజులు ఉత్తరాన వెతికినారు. తుపాను పొయినాక నీళ్లు దక్షిణానికే లాగతాయని పాలెంలో ఎవుర్ని అడిగినా చెప్తారు కదా. చిన్నబాబు ఆ తరవాత ఇంకేమన్నా రాసినాడా?”

 ఆ ప్రశ్న వనజాక్షికి తట్టనే లేదు.

మంగళవారం ఆరూ ఇరవైకి ఇక్కడి కంప్యూటరు పడిపోయింది. ఆ ప్రతిలో ఆ తరవాతి మాట ఉండదు. కానీ మేడ మీది గొడుగు కింద చిన్న పెట్టె ఒకటుంది. దానికి సొంత బ్యాటరీ, సోలార్ పలక ఉన్నాయి. పైనుంచి వచ్చిన పిలుపును అది పట్టుకుని, కింద పడవల కంప్యూటరు తీసుకునేదాకా తన దగ్గరే ఉంచుకుంటుంది. నాలుగు రోజులుగా కింద తీసుకునేవాళ్లు లేరు. మిగతా పడవలన్నీ ఒడ్డునే ఉండడంతో, కంప్యూటరు లేవలేదని ఎవరికీ తొందర లేకపోయింది. చిన్నబాబు ఇంకేమైనా రాసి ఉంటే, ఆ మాటలు ఇన్ని రోజులుగా ఆమె నెత్తి మీదే, మేడ మీద, పడి ఉన్నాయి.

“ఉండు వదినా” అంది.  “ఒక్క పది నిమిషాలు.”

ముత్తుకూరు ప్రతిని అలాగే ఉంచి, కొత్తగా పడేదంతా పక్కన వేరే ఫైలులో పడేటట్టు ఏర్పాటు చేసింది. దాని మీద పడవల కంప్యూటరును లేపింది. మంగళవారం సాయంత్రం కూలిన యంత్రం, తన లెక్కలు సరిచూసుకుంటూ మెల్లగా లేచింది.  పక్క గదిలో నల్ల తెర వెలగడం చూసి పెంచలకృష్ణ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కామమ్మ తల తిప్పింది.

“ఈడుండేది ఎవురు?”

“పెంచలకృష్ణ వదినా. ఆపరేటర్.”

“మాట్లాడు” అంది కామమ్మ అతనితో.

“అమ్మా...” అన్నాడతను.

“నువ్వే. ఫోన్లో నువ్వే. ఒడ్డు పట్టుంటారన్నావు.”

పెంచలకృష్ణ గోడను పట్టుకుని కిందికి జారి, రెండు చేతులూ జోడించాడు. కామమ్మ అతని వైపు ఇంకోసారి చూడలేదు. ఎందుకంటే అప్పుడే తెర మీద వరసలు పడడం మొదలయింది.

బుధవారం పొద్దున ఆరూ నలభై. నలుగురం ఉండాం. యాడుండామో తెలీదు. ఒడ్డు కనపడటం ల్యా.

గురువారం పదకొండూ పది. ఉత్తరాన హెలికాప్టర్ సద్దు ఇనపడింది. ఇటు రాలేదు. ఇటు పంపించండి.

శుక్రవారం మూడున్నర. మంచినీళ్లు అయిపోయినాయి. శీనడికి తెలివి తప్పింది. ఫోన్ ఆరిపోతాది.

వనజాక్షి ఒక్కొక్కటీ పైకి చదివింది. ఒక్కోదానికీ కామమ్మ “ఊ” అంది, ఎవరో కబురు చెబుతుంటే వింటున్నట్టు. తరవాత కాసేపు ఏమీ పడలేదు. అయిపోయాయనుకున్నారు. ఇంకొకటి పడింది.

శనివారం. ఎనిమిదీ యాభై. అందులో మాటలు లేవు. తావు మాత్రమే ఉంది.

“ఇది ఈ పొద్దుటిదేనా?” అంది కామమ్మ.

“ఈ పొద్దుటిదే.” వనజాక్షి గోడ గడియారం చూసింది. పన్నెండుకు పది నిమిషాలుంది. కానీ మనసు వెంటనే ఇంకో మాట అంది. ఫోను ఆరిపోయింది. మాటలు లేవు. మనుషులు లేకపోయినా పరికరం తనంతట తాను తావు పంపుతోందేమో. ఆ మాట పైకి అనడానికి నోరు రాక పెంచలకృష్ణ వైపు చూసింది. ఆ పరికరాల సంగతి అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

అతను నేల మీద నుంచి లేచి, మూస్తే దానంతట తాళం పడే ఆ చలిగది తలుపును వెనకాలే మూసి, దగ్గరికి వచ్చాడు. తెర మీదికి వంగి చూశాడు. “ఎర్ర మీట” అన్నాడు.

“అంటే?”

“ఈ గుర్తు ఎర్ర మీటదమ్మా. దానంతట అది రాదు. మూత తీసి, మూడు సెకన్లు గట్టిగా నొక్కి పట్టుకుంటేనే వస్తాది.”  “ఈ పొద్దున ఎనిమిదీ యాభైకి ఎవురో నొక్కినారు. ఒక చెయ్యన్నా ఉండాది.”

కామమ్మ కుర్చీ వీపును పట్టుకుంది.

వనజాక్షి గాలింపు కేంద్రం నంబరు కోసం ఫోను తీసేలోపలే పెంచలకృష్ణ బల్ల మీది ఫోను అందుకున్నాడు. ఆ నంబరు అతనికి నోటికి వచ్చు. మంగళవారం మూడుసార్లు నొక్కవలసింది ఆ నంబరే. రెండుసార్లు మోగాక అటు నుంచి గొంతు వినపడింది.

“సార్, కడలిజాడ, ముత్తుకూరు నుంచి. చెంగాళమ్మ పడవ తావు చెప్తుండా, రాసుకోండి. పదమూడు డిగ్రీల ముప్పై ఆరు నిమిషాలు ఉత్తరం. ఎనభై డిగ్రీల నలభై రెండు నిమిషాలు తూర్పు. పులికాట్‌కి తూర్పున. ఈ పొద్దున ఎనిమిదీ యాభైది సార్.”

అటు నుంచి ఏదో గట్టిగా అడుగుతున్నారు. ఆ మాటలు గదిలో అందరికీ వినపడ్డాయి. పిలుపే రాలేదని మీ కంపెనీ సంతకం పెట్టి ఇచ్చింది కదా, ఇది ఎక్కడి నుంచి వచ్చింది, మీరు ఎవరు?

బయట కారు ఆగిన చప్పుడయింది. మెట్ల మీద అడుగులు. తరవాత తలుపు మీద అరచేత్తో బాదుతూ నరేంద్రబాబు గొంతు. “వనజాక్షీ! తీగెవురు పీకింది? తలుపు తియ్!”

పెంచలకృష్ణ ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాడు.

“నా పేరు పెంచలకృష్ణ సార్. మంగళవారం పిలుపులొచ్చినప్పుడు ఈ కుర్చీలో ఉండింది నేనే. మూడు వచ్చినాయి. మూడూ నేనే మూసినా. రాలేదని చెప్పింది అబద్ధం. నన్నేం చేస్తారో తరవాత చెయ్యండి. ముందు పడవలు పంపించండి.”

“పెంచలా! ఆ ఫోన్ పెట్టెయ్!”

 ఫోనులో గాలింపు కేంద్రం గొంతు, ఈసారి మెల్లగా, తావు ఇంకొకసారి చెప్పమంది. పెంచలకృష్ణ కళ్లు తుడుచుకుని తెర మీదికి వంగాడు. “పదమూడు డిగ్రీలు...” అని మొదలుపెట్టాడు.

బయటి నుంచి తాళంచెవి తిరిగింది. కామమ్మ చప్పుడు చెయ్యకుండా వెళ్లి, తలుపుకు వీపు ఆనించి, రెండు కాళ్లూ నేలకు తన్నిపెట్టి నిలబడింది.